కావలి అని వెతికితే కావలెను దొరికింది: మా మెయిల్ క్లయింటు ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా మెయిల్ క్లయింటు, అంటే కంప్యూటర్లో ఈమెయిల్ ఉత్తరాలు చదివి, పంపే ప్రోగ్రాము, వెర్షన్ 0.3 బయటికొచ్చింది. సర్వర్‌తో మాట్లాడే ఐమ్యాప్ పద్ధతిలో ఉత్తరాలు దించుకుంటుంది, ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిలో పంపుతుంది, నెట్ పోయినా దించుకున్నవన్నీ చదవనిస్తుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కోడ్ పైథాన్‌లో ఉంది, తెరలకు క్యూటీ వాడాం, ఉత్తరాలను ఎస్‌క్యూలైట్ డేటాబేసులో దాస్తున్నాం. లైసెన్సు జీపీఎల్ 3. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే మాత్రం సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఈ విషయంలో మాలో ఎవరికీ రెండో మాట లేదు.

థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ క్లయింటు ఉండగా మళ్లీ ఇంకొకటి ఎందుకని చాలామంది అడుగుతున్నారు. థండర్‌బర్డ్ 1.0 వచ్చింది 2004 డిసెంబరులో. దాని వెనక రెండు దశాబ్దాల పని ఉంది. దానితో పోటీ పడాలని మేం అనుకోలేదు. 2008లో మొదలై, 2022లో థండర్‌బర్డ్‌తో కలిసి, 2024 అక్టోబరులో ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్‌గా వచ్చిన కే-9 మెయిల్ కోడ్ చదివి మేం నేర్చుకున్నది చాలా ఉంది. కానీ మా చుట్టుపక్కల ఆఫీసుల్లో కనిపించేవి పాత కంప్యూటర్లు, నిలకడ లేని నెట్, సగం తెలుగులో సగం ఇంగ్లిషులో ఉండే ఉత్తరాలు. ఈ మూడింటికీ సరిపోయే చిన్న క్లయింటు కావాలి. అందులోనూ తెలుగులో వెతికితే దొరకాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఈ చివరిదే.

పని చేస్తున్నవాళ్లం కొద్దిమందిమి. నేను నెల్లూరులో ఉంటాను, సర్వర్‌తో మాట్లాడే భాగం నాది. కావలిలో డిగ్రీ చదువుతున్న తమ్ముడు డేటాబేసు చూస్తాడు. కోవూరు నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అక్క రాత్రిపూట కోడ్ రివ్యూ చేస్తుంది. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ డిస్పాచ్ ఆఫీసులో పనిచేసే అన్నకు కోడ్ రాదు, కానీ రోజంతా మెయిల్ మీదే బతికేది ఆయనే. పొదిలిలో రిటైరైన హెడ్మాస్టరు గారు ఉత్తరాలన్నీ తెలుగులోనే రాస్తారు. మా అందరిలోకీ నిక్కచ్చిగా తప్పులు పట్టేది ఆయనే.

జూన్, మూడో వారం

చీమకుర్తి అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, బయ్యరు రాళ్ల ఫోటోలు పంపితే అవి దిగేదాకా కింద ఉత్తరాలు రావడం లేదబ్బా. లోడింగ్ డేటు ఏందో చూసుకోవాలంటే ఫోటోలన్నీ దిగాల్సిందేనా?"

న్యాయమైన ప్రశ్న. మెయిల్‌లో ఫోటో ఉన్నదున్నట్టు ప్రయాణించదు. బేస్64 అనే అక్షరరూపంలోకి మారుతుంది, అంటే ప్రతి 3 బైట్లకూ 4 అక్షరాలు. 6 ఎంబీ ఫోటో దారిలో 8 ఎంబీ దాటుతుంది. గ్రానైట్ బ్లాక్‌ను నాలుగు వైపుల నుంచీ తీసిన ఫోటోలు ఒకే ఉత్తరంలో పెడితే క్వారీ దగ్గరి సిగ్నల్‌కి ఎంతసేపు పడుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి దారి ఐమ్యాప్‌లోనే ఉంది. ముందు ఉత్తరం నిర్మాణాన్ని మాత్రం అడగొచ్చు. ఇందులో ఎన్ని భాగాలు, ఏది టెక్స్ట్, ఏది ఫోటో, ఒక్కోటి ఎంత సైజు, అన్నీ సర్వర్ చెబుతుంది. దాన్నిబట్టి టెక్స్ట్ భాగం ఒక్కటే దించుకుని, ఫోటోలను పేరూ సైజూ చూపించి వదిలేయొచ్చు. నొక్కితేనే దిగుతాయి. 'బాడీ' అని అడిగితే సర్వర్ ఆ ఉత్తరాన్ని చదివినట్టు గుర్తు పెట్టేస్తుంది, 'బాడీ.పీక్' అని అడిగితే పెట్టదు. మనిషి చూడకుండానే ఉత్తరం చదివినట్టు కనపడితే ఆఫీసులో ఆర్డరు పోతుంది. అందుకని కోడ్‌లో ఎక్కడా పీక్ లేని పిలుపు ఉండకుండా అక్క ఒక ఆటోమేటిక్ తనిఖీ పెట్టింది.

కొత్త ఉత్తరం రాగానే తెలియజేసే ఐడిల్ కూడా ఈ వారమే చేర్చాం. కనెక్షన్ తెంపేయకుండా కనీసం 29 నిమిషాలకోసారి దాన్ని మళ్లీ మొదలుపెట్టాలని ప్రమాణపత్రం చెబుతోంది. మేం అంతకన్నా ముందే చేస్తున్నాం.

జూలై

ఇప్పుడు అసలు కథ.

కావలి తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపి, కింద ఇలా రాశాడు: "ఏందన్నా ఇది, కావలి అని కొడితే 'ఇల్లు అద్దెకు కావలెను' అని వస్తా ఉండాదే!" అక్క కూడా తన మెయిల్లో చూసింది. కోవూరు అని వెతికితే కావేరి ఉన్న ఉత్తరాలన్నీ వచ్చాయి. మాస్టారు పొదిలి అని వెతికితే 'మీ పాదాలు తాకి నమస్కరించి' అని పాత విద్యార్థి రాసిన ఉత్తరం పైకొచ్చింది.

వెతకడానికి ఎస్‌క్యూలైట్‌లోని ఎఫ్‌టీఎస్5 వాడుతున్నాం. ఉత్తరాన్ని పదాలుగా విడగొట్టి సూచిక తయారుచేసుకుంటుంది కాబట్టి వేలాది ఉత్తరాల్లోనూ క్షణంలో వెతుకుతుంది. ఎక్కడ విడగొట్టాలో నిర్ణయించేది టోకెనైజర్. మనం ఏమీ చెప్పకపోతే అది యూనికోడ్61 అనేదాన్ని వాడుతుంది. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం ప్రతి సంకేతాన్నీ ఏదో ఒక వర్గంలో పెడుతుంది. యూనికోడ్61 దృష్టిలో పదంలో భాగమయ్యేవి ముఖ్యంగా అక్షరాలు, అంకెలు. మన అచ్చులు, హల్లులు అక్షరాల వర్గంలోనే ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా మాత్రం 'మార్క్' వర్గంలో ఉన్నాయి. కాబట్టి కామా దగ్గర, ఖాళీ దగ్గర విరిచినట్టే ప్రతి గుణింతం దగ్గరా పదాన్ని విరిచేస్తోంది.

కోవూరు దాని కంటికి క, వ, ర. కావేరి కూడా క, వ, ర. పొదిలి అంటే ప, ద, ల. పాదాలు అన్నా అంతే. గూడూరు అని వెతికితే గుడారాలు దొరుకుతాయి. కావలిలో 'వ' తలకట్టుతో ఉంది కాబట్టి అక్కడ విరగలేదు, క తర్వాత వల. కావలెను అంటే క, వల, న. మొదటి రెండూ కలిశాయి కనుక అదీ ఫలితాల్లో చేరింది. 'కావాలి' మాత్రం రాలేదు, వాకు దీర్ఘం ఉంది కాబట్టి. ఇది కాగితం మీద రాసి చూసుకున్నాక తమ్ముడికీ నాకూ ఒకేసారి విషయం అర్థమైంది.

ఇంగ్లిషు ఉత్తరాలతో ఎంత పరీక్షించినా ఈ లోపం బయటపడదు. ఫలితాలు బొత్తిగా రాకపోతే ఎవరైనా గమనిస్తారు. ఇక్కడ సరైన ఉత్తరమూ వస్తోంది, దానితోపాటు సంబంధం లేనివీ వస్తున్నాయి. వాడేవాళ్లు 'తెలుగులో సెర్చ్ ఇంతేలే' అనుకుని ఊరుకుంటారు. ఆ మాట వినడం నాకు బాధగా ఉంటుంది. ఒక భాషలో ఉత్తరం రాసుకున్న మనిషికి ఆ ఉత్తరం తిరిగి దొరకడం కనీస అవసరం. అదనపు సౌకర్యం కాదు.

మరమ్మత్తు చూస్తే ఒక్క వరస. టోకెనైజర్‌కు వర్గాల జాబితా మనమే ఇవ్వొచ్చు. అక్షరాలు, అంకెలతో పాటు ఎమ్‌ఎన్, ఎమ్‌సీ అనే మార్క్ వర్గాలు రెండూ చేర్చాం. పాత సూచిక పారేసి మళ్లీ కట్టుకోవాలి, అంతే. తమ్ముడు పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పు కలుపుకోండన్న విన్నపం పెట్టాడు. అక్క వెంటనే మెర్జ్ చేయలేదు, అంటే కోడ్‌లో కలపలేదు. "పరీక్ష లేకుండా తీసుకోను. మీ మీ ఊళ్ల పేర్లే పెట్టండి" అంది. అలా మా పరీక్షల ఫైల్లోకి కావలి, కోవూరు, పొదిలి, చీమకుర్తి, ఉదయగిరి, కనిగిరి, పొదలకూరు అన్నీ ఎక్కాయి. ఒక్కో ఊరి పక్కన దానితో కలవకూడని మాట ఒకటి ఉంది.

ట్రైగ్రామ్ అనే ఇంకో టోకెనైజర్ కూడా వేసి చూశాం. ప్రతి మూడు సంకేతాల ముక్కనూ సూచికలో పెడుతుంది, అందుకని గుణింతాల గొడవే లేదు. కానీ సూచిక బాగా ఉబ్బిపోతోంది, మూడు సంకేతాలకన్నా చిన్న మాట దొరకదు. 'టీ' రెండు సంకేతాలే. పాత హార్డ్‌డిస్కుల మీద ఈ భారం వద్దనుకున్నాం.

జూలై చివర

మాస్టారి నుంచి ఇంకో ఫిర్యాదు. సాఫ్ట్‌వేర్ అని వెతికితే కొన్ని ఉత్తరాలు దొరుకుతున్నాయి, కొన్ని దొరకడం లేదు. రెండిట్లోనూ మాట ఒకటే.

చూడటానికి ఒకటే, లోపల వేరు. 'ట్' తర్వాత 'వే' కిందికి వత్తుగా జారకుండా ఆపడానికి కంటికి కనపడని సంకేతం ఒకటి పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్నిట్లో మనం పెట్టాలి, చాలామంది పెట్టరు. యూనికోడ్‌లో ఇది మార్క్ కూడా కాదు, ఫార్మాట్ వర్గం. కాబట్టి జూలై మొదట్లో చేసిన మరమ్మత్తు తర్వాత కూడా పదం అక్కడ విరుగుతూనే ఉంది.

సూచికలో పెట్టేముందూ, వెతికే మాటలోనూ ఆ సంకేతాన్ని తీసేస్తున్నాం. అసలు ఉత్తరాన్ని మాత్రం ముట్టుకోం. అవతలి మనిషి రాసింది రాసినట్టే తెర మీద కనపడాలి. ఈ మార్పు కన్నడ ఉత్తరాల్లోనూ పనికొచ్చిందని హోస్పేట నుంచి ఒకాయన రాసి, కన్నడ పరీక్షలు కొన్ని ఆయనే చేర్చాడు. అక్కడా గుణింతాలకు ఇదే గతి పట్టింది మరి.

ఆగస్టు, కావలిలో కలుసుకున్న ఆదివారం

నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్యలో ఉంటుంది కాబట్టి కావలి అందరికీ అనువు. చీమకుర్తి అన్న ఒంగోలులో పొద్దున పినాకిని రైలెక్కి వచ్చాడు, మాస్టారు బస్సులో వచ్చారు. ట్రంకు రోడ్డు పక్కన తమ్ముడికి తెలిసిన ట్యూషన్ సెంటరు మేడ మీద కూర్చున్నాం. అక్క వీడియో కాల్లో ఉంది.

చర్చంతా విభక్తుల మీదే. ఇంగ్లిషులో ఊరి పేరు ఎక్కడున్నా ఒకే రూపంలో ఉంటుంది. మనం నెల్లూరులో, నెల్లూర్లో, నెల్లూరి, నెల్లూరుకు అంటాం. పదం మొదలు కలిస్తే చాలని వెతకడం ఎఫ్‌టీఎస్5కి వచ్చు. నెల్లూరు అని కొడితే నెల్లూరులో, నెల్లూరుకు దొరుకుతాయి. నెల్లూర్లో, నెల్లూరి దొరకవు.

తమ్ముడి ఉపాయం: వెతికే మాట చివర గుణింతపు గుర్తో సున్నో ఉంటే దాన్ని తీసేసి వెతకడం. నెల్లూరు కాస్తా నెల్లూర అవుతుంది, దానితో మొదలయ్యేవన్నీ వస్తాయి. మార్కాపురం చివర సున్నా తీస్తే మార్కాపురానికి కూడా దొరుకుతుంది. ఉత్తరం అంటే ఉత్తరాలు దొరుకుతాయి. ఇంత చిన్న సూత్రం ఇన్ని రూపాలను పట్టుకోవడం చూసి అందరం సంతోషించాం.

అక్క ఒక్క మాట అడిగింది: "మరి కావలి సంగతేంది?"

కావలి చివర గుడి తీస్తే కావల. కావలెను మళ్లీ వచ్చి కూర్చుంది, వెంట కావలసిన కూడా వచ్చింది. ఆఫీసు ఉత్తరాల్లో 'కావలసిన పత్రాలు' లేని ఉత్తరం ఎక్కడుంటుంది?

భోజనం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. గుర్తు తీసే సూత్రం వద్దని నేనూ, ఉండాలని తమ్ముడూ. చీమకుర్తి అన్న తేల్చాడు. "నాకు రెండూ కావాలబ్బా. అచ్చంగా ఉండేవి పైన చూపియ్యండి, మిగతావి కింద పెట్టండి. నేను చూసుకుంటా." అదే చేశాం. కొట్టిన మాటతో మొదలయ్యేవి ముందు వస్తాయి. కింద ఒక గీత. గీత కింద చివరి గుర్తు తీసి వెతికిన ఫలితాలు. ర్యాంకింగ్ లెక్కలతో కుస్తీ పట్టేకన్నా ఆ గీతే నయం. ఏది ఎందుకొచ్చిందో చూసేవాళ్లకు అర్థమవుతుంది.

ఏ సూత్రానికీ లొంగనివి మాస్టారు అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టారు. రాయి, రాళ్లు, రాతి. ఇల్లు, ఇంటి, ఇళ్లు. ఊరు, ఊళ్లు. నీరు, నీటి. ఏరు, ఏటి. చెయ్యి, చేతి. గ్రానైట్ ఆఫీసులో రాయి అని వెతికితే రాళ్లు దొరక్కపోతే ఇంకేం లాభం? వీటికి చిన్న పట్టిక పెట్టుకోవడమే దారి. మాస్టారు నోటుపుస్తకంలో రాసి ఫోటో తీసి పంపుతున్నారు, తమ్ముడు ఫైల్లోకి ఎక్కిస్తున్నాడు. ఆ కమిట్లలో, అంటే కోడ్‌లో నమోదయ్యే ఆ మార్పుల్లో, సహరచయితగా మాస్టారి పేరు ఉండాలని నేను పట్టుబట్టాను. ఒక్క వరస కోడ్ రాయకపోయినా ఆ పట్టిక ఆయన పని.

సెప్టెంబరు

సబ్జెక్టు లైను. ఒక ఆఫీసు నుంచి మాస్టారికొచ్చిన ఉత్తరంలో సబ్జెక్టు మధ్యలో నల్ల డైమండ్ గుర్తులు కనపడ్డాయి.

సబ్జెక్టులాంటివి ఉండే మెయిల్ హెడర్లు మొదట్లో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు ఉండే ఆస్కీకే పరిమితం. ఇతర లిపులను హెడర్లో ఎలా పంపాలో 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 2047 చెబుతుంది. సబ్జెక్టును ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ బేస్64లోకి మార్చి, ముందూ వెనకా గుర్తులు పెట్టాలి. ముక్క మొత్తం 75 అక్షరాలు దాటకూడదు. గుర్తులకు 12 పోతే మిగిలేది 63. బేస్64 నాలుగేసి చొప్పున నడుస్తుంది కాబట్టి వాడగలిగేది 60, అంటే 45 బైట్లు. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కాబట్టి ముక్కకు 15 సంకేతాలు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే 6 సంకేతాలు పోతాయి.

ఒక సంకేతాన్ని రెండు ముక్కల మధ్య చీల్చకూడదని నియమం ఉంది. దాన్ని పాటించని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, లెక్కపెట్టి 45 బైట్ల దగ్గర కోసేస్తాయి. గమ్మత్తేమిటంటే ఖాళీ లేని పూర్తి తెలుగు సబ్జెక్టయితే 45ను 3 భాగిస్తుంది కాబట్టి ఏ గొడవా రాదు. మధ్యలో ఒక ఖాళీయో ఇంగ్లిషు అంకెయో వచ్చిందంటే లెక్క ఒక బైటు జరిగి, సంకేతం నడుమ కత్తి పడుతుంది. మా పరీక్షల్లో అన్నీ ఒంటి మాటలే ఉండటంతో ఇది ముందు కనపడలేదు. ఇప్పుడు 'బిల్లు నం. 7 చెల్లింపు వివరాలు' లాంటివి చేర్చాం.

పంపేవాళ్లను మనం బాగుచేయలేం. చదివేటప్పుడు మాత్రం పక్కపక్క ముక్కలను విడివిడిగా తెలుగులోకి మార్చకుండా, ముందు బైట్లన్నీ కలిపి తర్వాత ఒకేసారి మారుస్తున్నాం. చీలిన సంకేతం అతుక్కుంటుంది. డైమండ్లు పోయాయి. మేం పంపే ఉత్తరాల్లో మాత్రం నియమం ప్రకారమే కోస్తున్నాం.

దీనికి దగ్గరదే ఇంకొకటి. కొత్త ఉత్తరం నోటిఫికేషన్లో పొడవాటి సబ్జెక్టును కత్తిరిస్తే చివర వత్తు పోయి పొల్లు మిగులుతోంది. అక్షరం ఎక్కడ పూర్తవుతుందో చెప్పే యూనికోడ్ నియమాలు తెలుగు సంయుక్తాక్షరాలను ఒక్కటిగా పట్టుకోవడం 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌తోనే మొదలైంది. అంతకుముందు లెక్కలో స్త్రీ అంటే మూడు ముక్కలు. పాత లైబ్రరీ తీసేసి కొత్త నియమాలు తెలిసినది పెట్టాం.

అక్టోబరు

వానలు మొదలయ్యాయి. మా తీరానికి ఏడాదిలో ఎక్కువ వాన ఇప్పుడే. వాయుగుండం అంటే కరెంటూ నెట్టూ కలిసి పోతాయి.

పంపుతుండగా కనెక్షన్ తెగితే ఏం చేయాలన్నది తేల్చాల్సి వచ్చింది. ఉత్తరం మొత్తం సర్వర్‌కు చేరింది, 'అందింది' అన్న జవాబు మాత్రం మన దాకా రాలేదు. క్లయింటు మళ్లీ పంపితే అవతల రెండు ఉత్తరాలు. ఈ చిక్కు గురించి 1988లోనే ఆర్‌ఎఫ్‌సీ 1047 రాశారు. మామూలు ఉత్తరమైతే ఫర్వాలేదు. ఒకే లోడ్ ఆర్డరు రెండుసార్లు వెళ్తే చీమకుర్తిలో రెండు లారీలు వచ్చి నిలబడతాయి. అందుకని అలాంటి ఉత్తరాన్ని అవుట్‌బాక్సులోనే ఉంచి 'చేరిందో లేదో ఖాయం కాలేదు' అని చూపిస్తున్నాం. మళ్లీ పంపాలా అని మనిషినే అడుగుతున్నాం. పంపితే పాత మెసేజ్ ఐడీతోనే, అంటే ఉత్తరానికి ఉండే అదే గుర్తింపుతో వెళ్తుంది, రెండూ ఒకటేనని అవతలి సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే వీలుంటుంది.

జీమెయిల్ ఖాతా కలిపే తెరను కూడా మళ్లీ రాశాం. మామూలు పాస్‌వర్డుతో ఇతర యాప్‌లు లాగిన్ కావడం వ్యక్తిగత ఖాతాల్లో 2022 మే 30 నుంచి ఆగిపోయింది. రెండంచెల తనిఖీ పెట్టుకుని యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. ఆ దశలన్నీ తెలుగులో బొమ్మలతో పెట్టాం. మాస్టారు ఎవరి సాయం లేకుండా పూర్తిచేశారు కాబట్టి ఇక దాన్ని కదపం.

నవంబరు

0.4 విడుదల చేశాం. వెతుకులాట మొత్తం కొత్తది, ఫోటోలు అడిగితేనే దిగుతాయి, సబ్జెక్టుల మరమ్మత్తు ఉంది. పాత వెర్షన్ వాడుతున్నవాళ్లకు మొదటిసారి తెరవగానే సూచిక మళ్లీ కట్టుకుంటుంది. పెద్ద మెయిల్‌బాక్సయితే కాసేపు పడుతుంది, ఆపేయకండి.

ఒకటి మిగిలింది. దొరికిన మాటను ఉత్తరంలో పసుపు రంగుతో చూపిస్తాం. సూచికలో కనపడని సంకేతాలు తీసేశాం కదా, దాంతో అసలు ఉత్తరంలో స్థానాలు జరిగిపోతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఒక్కసారి వస్తే రంగు ఒక సంకేతం ముందే పడుతుంది, నాలుగుసార్లు వస్తే నాలుగు సంకేతాలు జరుగుతుంది. శుభ్రం చేసిన పాఠంలోని ప్రతి స్థానం అసలు పాఠంలో ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి తమ్ముడు రాశాడు. పొడవాటి ఉత్తరాల్లో అది మెమరీ ఎక్కువ తింటోందని అక్క వెనక్కి పంపింది. తీసేసిన చోట్లు మాత్రమే గుర్తుపెట్టుకుంటే చాలని నా ఆలోచన. తమ్ముడి సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఇద్దరం కూర్చుంటాం. ఈలోగా ఎవరైనా ఈ పని తీసుకోవాలనుకుంటే పరీక్షలు ఇప్పటికే ఫైల్లో ఉన్నాయి, ప్రస్తుతానికి అన్నీ ఫెయిలవుతున్నాయి.